గొర్రెతోక కొసలు

మా అత్త లియోకాదియా ఒకరి చేతికిచ్చిన మొక్కని మళ్ళీ ఆ చేతిలోంచే లాక్కోవడం నేను కళ్ళారా చూశాను. లాక్కున్నది మందుల కొట్టాయన కొత్త పెళ్ళాం ఎల్విరా దగ్గర్నించి. ఆవిడ రాజధాని మనిషి, మా కొండ ఊరు కోవతెపెక్ వచ్చినా ఇంకా ఇక్కడి ముసురుకి అలవాటు పడలేదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున గొడుగు మడుచుకుంటూ మా వసారాలోకి వచ్చి, నడిమి దూలానికి వేలాడుతున్న గొర్రెతోక మొక్కని చూసి అక్కడే ఆగిపోయింది.

ఆగిపోక ఏం చేస్తుంది? ఆ మొక్క అలాంటిది. పాత ఇనప కాగులోంచి నాలుగు వైపులా జడల్లా దిగి, కొన్ని తోకలు నేలని తాకుతుండేవి. పాలుపట్టిన గింజల్లాంటి బొద్దు ఆకులు, పైన బూడిద చల్లినట్టు లేత ఆకుపచ్చ. చెయ్యి తగిలితే చాలు, జలజలా రాలిపోతాయి. అందుకే ఇంట్లో ఎవరమూ వసారా మధ్యలోంచి నడవం. గోడవారగా ఒదిగి వెళతాం.

"ఎంత బాగుందండీ దోన్యా! నాకో చిన్న కొస ఇవ్వరూ?" అంది ఎల్విరా.

ఆ మాట వింటే అత్తకి ప్రాణం లేచొస్తుంది. కత్తెర తెచ్చి జానెడు కొస కోసి, ఆకు రాలకుండా పాత పేపర్లో చుట్టి ఎల్విరా చేతిలో పెట్టింది.

"అబ్బ, చాలా థాంక్సండీ!"

అంతే. అత్త చెయ్యి ఎప్పుడు ముందుకెళ్ళిందో తెలీదు, పొట్లం తిరిగొచ్చి ఆవిడ ఏప్రన్ జేబులో పడింది.

"పాడు చేశావు కదమ్మా. థాంక్స్ అన్నాక ఇంకదేం బతుకుతుంది? కొన్నాళ్ళాగి రా. ఈసారి నోరు మూసుకుని పట్టుకెళ్ళు."

ఎల్విరా నాకేసి చూసింది. నేను పెంకులకేసి చూశాను. ఆవిడ గేటు దాటగానే నవ్వాపుకోలేక గుమ్మంలో కూలబడ్డాను.

"నవ్వకే ఎర్మీనియా. మొక్క వింటుంది."

"మొక్కకి చెవులెక్కడివి అత్తా?"

"నీ మొగుడికి ఉన్నాయిగా రెండు. వాడేం విన్నాడు?"

నా నవ్వు ఆగిపోయింది. క్రిస్మస్ తర్వాత ఆవిడ ఉబాల్దో ఊసెత్తడం అదే మొదలు.

ఉబాల్దో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. వెరాక్రూజ్ రేవులో సరుకు దింపే పనికని వెళ్ళి, అక్కడ నెరేయిదా అనే ఆమెతో కాపురం పెట్టాడు. ఆ సంగతి నాకంటే ముందు వీధికి తెలిసింది. నాకు పిల్లల్లేరు. అమ్మా నాన్నా కాఫీ తోటల్లో కూలి చేసి అక్కడే పోయారు. ఉన్న ఒక్క అన్నకి ఒకటే గది, అందులో పిల్లాజెల్లా కలిసి కాలు చాపుకునే చోటు లేదు. ఈ ఇల్లు అత్తది. కొడుకు వదిలేసిన కోడలు ఆ ఇంట్లో ఎవరవుతుందో నాకు తెలీదు. అడగడానికి నాకు భయం. తనంతట తాను చెప్పే మనిషి కాదు ఆవిడ.

మొక్కల విషయంలో మాత్రం ఆవిడకి అనుమానాలే లేవు. థాంక్స్ చెప్పి తీసుకెళ్ళింది చస్తుంది. డబ్బిచ్చి కొన్నది ఈసురోమంటూ ఉంటుంది. దొంగిలించి తెచ్చింది ఎక్కడ పెట్టినా వేరు పట్టుకుంటుంది. ఆ గొర్రెతోక కూడా పెళ్ళైన కొత్తలో చర్చి ఫాదర్ గారి కిటికీలోంచి తెంపుకొచ్చిందే. తర్వాతి ఆదివారం వెళ్ళి ఆ పాపం ఆయన చెవిలోనే చెప్పుకుందట. ఆయన విని, "అలా అయితే నీది పట్టుకున్నాక నాకో కొస పంపు, నాది కుళ్ళిపోయింది" అన్నాడట. ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆవిడకి. కొస ఇచ్చేది వేరే ఇంట్లో బతికేవాళ్ళకే. కూతుళ్ళు పెళ్ళై వెళ్ళేటప్పుడు చెరొకటి ఇచ్చి సాగనంపింది. ఊరొదిలిన పొరుగువాళ్ళకి ఇచ్చింది. ఇంట్లో ఉండేవాళ్ళకి ఎందుకు, మొక్కే ఇంట్లో ఉందిగా అనేది. నాకు ఎప్పుడూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మార్చిలో ఫోనొచ్చింది. మా వీధికంతటికీ ఉన్నది దోన్ క్రిసోఫరో కొట్లో ఫోనొక్కటే. ఆయన గుమ్మంలో నిలబడి కేకేస్తే కొండ మీద మేకలు కూడా తలెత్తుతాయి.

"దోన్యా లియోకాదియా! రేవు నించి మీవాడు!"

నేను తడి చేతులతోనే పరిగెత్తాను. "నువ్వు కాదమ్మా, వాళ్ళమ్మ కావాలట" అన్నాడు ఆయన, చక్కెర పొట్లం కడుతూ, నా మొహం చూడకుండా. అత్త నింపాదిగా వచ్చి ఫోను చెవికి పెట్టుకుంది. ఊ అంది. మళ్ళీ ఊ అంది. సరే అని పెట్టేసింది. దారంతా ఏం చెబుతుందా అని ఆవిడ మొహంలోకి చూస్తూ నడిచి, ఒక గుంటలో కాలేశాను.

"ఏమంటాడు?" ఇంటికొచ్చాక అడిగాను.

"జూన్లో సన్ హువాన్ పండక్కి వస్తాడట."

"ఒక్కడేనా?"

"కాదు."

"పండగ చేసుకుని వెళ్ళిపోతారా మరి?"

అత్త కుండ మీద మూత తీసి చిక్కుడు గింజలు కలిపింది. "రేవులో ఇంటద్దె ఎక్కువట. వెనక రెండు గదులూ కావాలంటున్నాడు."

వెనక రెండు గదుల్లో ఒకటి నాది. రెండోదాంట్లో నా కుట్టుమిషను ఉంది. "మరి నేను?" అనే మాట గొంతుదాకా వచ్చింది.

"ఉప్పు సరిపోయిందేమో చూడు" అంది అత్త, గరిటె నా ముందు పెట్టి.

సరిపోయిందో లేదో నాకేం తెలుస్తుంది? సరిపోయిందన్నాను. ఆ రాత్రి ఇద్దరం ఉప్పు కషాయం లాంటి గింజలు తిన్నాం.

అదే వారంలో నేను కాఫీ గింజలు ఏరే షెడ్డు మూసేశారు. కోతలయిపోయాయి, మళ్ళీ చలికాలం దాకా పనిలేదు. నవంబరు నించి పొద్దస్తమానం బల్ల ముందు కూర్చుని పుచ్చు గింజ, నల్ల గింజ, విరిగిన గింజ వేరుచేసిన వేళ్ళు నావి. పని ఆగినా వేళ్ళు ఆగలేదు. దుప్పటి అంచు లాగేవి, రొట్టె తుంపి తుంపి పొడి చేసేవి. మనసు దానికి తోడు. ఊడ్చిన వసారానే మళ్ళీ ఊడ్చేదాన్ని. సంతకని బయల్దేరి సగం దారిలో వెనక్కొచ్చేదాన్ని. చాకలి పెత్రోనిలా ఇంట్లో గది ఖాళీ ఉందంటే వెళ్ళి చూసి, అందులో కిటికీ లేదని ఏడుస్తూ వచ్చాను. నా ట్రంకుపెట్టె సర్దడం, మర్నాడు విప్పడం, ఇదే పని.

ఒక మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే గొర్రెతోక కింద కూర్చున్నాను. పిల్లి దూరి వెళ్ళినట్టుంది, నేలంతా ఆకులు. నా వేళ్ళు వాటంతట అవే ఏరడం మొదలెట్టాయి. మంచివి ఇటు, నలిగినవి అటు. దోసిలి నిండాక అనిపించింది, వెళ్ళేటప్పుడు వట్టి చేతులతో ఎందుకు వెళ్ళాలి? ఇన్నేళ్ళు ఈ మొక్కకి నీళ్ళు పోసింది నేను, తలొంచుకుని గోడవారగా నడిచింది నేను. ఆవిడంతట ఆవిడ కొస ఇచ్చే రోజు కోసం కూర్చుంటే, అది నన్ను గెంటే రోజే అవుతుంది. ఆ పని ఆవిడ చేతుల మీద జరగకూడదు, నేనే తీసుకుంటాను. కత్తెర తెచ్చాను. అత్త గురక వింటూ, వెనక వైపు కనిపించని చోట కొసలు కత్తిరించాను. చాలా రోజుల తర్వాత ఏదో పని చేసినట్టు హాయిగా ఉంది.

నిచ్చెనెక్కితే, బట్టలుతికే కొట్టం కప్పు మీద నీళ్ళ తొట్టి వెనకాల ఏం పెట్టినా ఎవరికీ కనపడదు. ఊరమిరపకాయల ఖాళీ డబ్బాలకి మేకుతో అడుగున చిల్లులు పొడిచి, తోటలోంచి మట్టి తెచ్చి నింపి, కొసలు గుచ్చి, ఆకులు పైన చల్లి, సుబ్బరంగా నీళ్ళు పోశాను. ముసురు కూడా తనవంతు పోసింది. వారం తిరక్కుండా ఆకులు గాజుముక్కల్లా మెరిసి, మొదళ్ళు నల్లబడ్డాయి. ఒక కొసని వేలితో కదిపితే చీమిడిలా చేతికంటుకుంది. అక్కడే తొట్టి పక్కన కూర్చుని ఏడ్చాను. దొంగిలించినదే నాకు పట్టుకోకపోతే ఇంక నాకేం పట్టుకుంటుంది అనిపించింది.

మర్నాడు పొద్దున కాఫీలో రొట్టె ముంచుకుంటూ అత్త అంది, "కోసిన గాయం ఆరకుండానే మట్టిలో పెట్టేవాళ్ళుంటారు. పెట్టి, పైన్నించి నీళ్ళు కూడానూ. ఎంత తొందరో."

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరత్తా?"

"ఎవరో ఒకరు. లోకంలో ఓపిక లేనివాళ్ళకి కరువా? నీడన పడేసి, గాయం తోలు కట్టిందాకా దానికేసి చూడకూడదు. ఆ తర్వాతైనా వేరు కనపడిందాకా చుక్క నీళ్ళు పొయ్యకూడదు. తాగడానికి నోరుండద్దూ?"

"నాకెందుకు చెబుతున్నారు?"

"నీకెవరు చెప్పారు? నేను మాట్లాడుకుంటున్నాను. బెల్లం ఇటు జరుపు."

రెండోసారి ఆవిడ మాట్లాడుకున్నట్టే చేశాను. కొసలు కోసి, కింది ఆకులు తీసి, కొట్టంలో పేపరు మీద పరిచాను. చూడకుండా ఉండటమే పెద్ద శిక్ష. గంట గంటకీ కాళ్ళు అటే లాగేవి. బట్టలున్నా లేకపోయినా ఉతకడానికని వెళ్ళేదాన్ని. ఎండలు ముదిరి, కొండల మీద మబ్బు విడిచింది. గాయాలు తోలు కట్టాయి. డబ్బాల్లో పెట్టి మళ్ళీ కప్పు మీద దాచాను. ఒకరోజు వెళ్ళి చూస్తే నా డబ్బాలు నేను పెట్టిన చోట లేవు. ఇంటి చూరు కిందకి, పొద్దుటెండ మాత్రమే పడేచోటుకి జరిగి, వరసగా ఉన్నాయి. మట్టిలో ఏటి ఇసక కలిసి ఉంది. విడి ఆకుల మొదట్లో గులాబీరంగు నూలుపోగుల్లా వేళ్ళు.

సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి మొదట్నించీ తెలుసన్నమాట. తెలిసి, తిట్టకుండా, నిచ్చెనెక్కి నా కొసలకి సేవ చేస్తోంది. ఎందుకు? కొస ఎవరికిస్తుందో నాకు తెలీదా? కూతుళ్ళకి ఇచ్చినట్టు నాకూ సారె సర్దుతోంది. సన్ హువాన్ లోపల ఇవి నిలదొక్కుకుంటే ఇక నన్ను సాగనంపచ్చు. అలాగే అనుకున్నాను, ఇంకోలా అనుకోవడానికి ఆవిడ ఒక్క మాటైనా అంటేగా!

ఆ మధ్యలో ఎల్విరా మళ్ళీ వచ్చింది. పెదాలు బిగబట్టి పొట్లం తీసుకుని, తల మాత్రం ఊపి, నిప్పు తొక్కినట్టు పరిగెత్తుకెళ్ళిపోయింది. "చూశావా, నేర్చుకుంది" అని అత్త మురిసిపోయింది. నాకు నవ్వు రాలేదు.

మే చివర్లో ఒక సాయంత్రం ఇక పట్టలేకపోయాను. ఆవిడ వసారాలో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అత్తా, పొమ్మనదలిస్తే నోటితో పొమ్మనండి. డబ్బాలు జరపడం ఎందుకు?"

"నిన్నెవరు పొమ్మన్నారే?"

"ఉండమని కూడా ఎవరూ అనలేదుగా!"

చిక్కుడుకాయ ఆవిడ వేళ్ళ మధ్య ఆగిపోయింది. కళ్ళెత్తి గొర్రెతోకకేసి చూసింది. అప్పుడు మొదటిసారి నాకు తోచింది, ఏం చెయ్యాలో ఆవిడకి కూడా తెలీదని. వాడు ఆవిడ కడుపున పుట్టాడు. జ్వరమొస్తే ఆవిడ పక్కలో పడుకున్నాడు. నేను కాఫీ తోటల్లోంచి వచ్చిన పరాయిపిల్లని. నాకు ఆవిడ మీద జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపం వచ్చింది.

"వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యి" అంది అత్త.

పండగనాడు వాళ్ళు మొదటి బస్సుకే దిగారు. ఉబాల్దో కాస్త లావయ్యాడు. నెరేయిదా చేతిలో మంచుముక్కల మధ్య పెట్టిన చేప, అత్తకి. నేను ఆమెని అసహ్యించుకుందామని పొద్దున్నించీ సిద్ధంగా కూర్చున్నాను. తీరా చూస్తే బక్కపల్చటి మనిషి, బస్సులో కడుపులో తిప్పి మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి ఎటు చూడాలో తెలీక నేలకేసి చూసింది. అసహ్యించుకోవడం సరిగ్గా కుదర్లేదు. నిమ్మకాయ నీళ్ళిచ్చాను.

ఉబాల్దో మాత్రం వచ్చినప్పట్నించీ వెనక గదుల్లో అడుగులు వేసి కొలుస్తున్నాడు.

"అమ్మా, ఈ మధ్యగోడ తీసేస్తే మంచి పెద్ద గదవుతుంది. ఎర్మీనియా వాళ్ళన్న దగ్గర ఉండచ్చుగా! నేను మాట్లాడతాను ఆయన్తో."

"నాతో మాట్లాడరాదూ? ఇక్కడే ఉన్నాగా" అన్నాను.

"నీతో అయితే గొడవ."

"గొడవ తెచ్చింది ఎవరట? బస్సెక్కి నేనొచ్చానా?"

"చూశావా అమ్మా?"

అత్త చూడలేదు. కాఫీ వడపోస్తోంది. చేప వేయించింది, అందరికీ వడ్డించింది, కొడుకు పళ్ళెంలో ముల్లు తీసి పెట్టింది. అది చూశాక నా ఆశ పూర్తిగా పోయింది. ట్రంకుపెట్టె సర్దే ఉంది, డబ్బాలు తీసుకుంటే చాలు అనుకున్నాను.

భోజనాలయ్యాక నెరేయిదా వసారాలోకి వెళ్ళింది. ఆమెకేం తెలుసు, మధ్యలోంచి నడిచింది. భుజం తగిలి ఆకులు జలజలా రాలాయి. "అయ్యయ్యో!" అంటూ వంగి ఏరబోతే తలకి తగిలి ఇంకాసిని రాలాయి.

"ఉండనీ అమ్మా, అది దాని అలవాటు" అంటూ అత్త లేచింది. లోపలికెళ్ళి కత్తెరతో వచ్చింది. నేలని తాకుతున్న తోకల్లోంచి ఒకదాన్ని పట్టుకుంది. జానెడు కొస కాదు, దాదాపు తోక మొత్తం కత్తిరించింది. ఆవిడ అంత పొడుగు తోక కొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. చుట్టచుట్టి, పేపర్లో పెట్టి, తాడు కట్టి నెరేయిదాకి అందించింది.

"ఇదెందుకండీ? ఇక్కడే ఉంటాంగా, రోజూ చూస్తూనే ఉంటాను" అంది నెరేయిదా.

"రేవులో గాలి బాగా ఆడుతుంది. కిటికీ పక్కన వేలాడదియ్యి, పడమటెండ మాత్రం పడనివ్వకు. కోసిన చోటు బాగా ఆరాకే మట్టిలో పెట్టు. తొందరపడకు."

నెరేయిదా అయోమయంగా పొట్లం తీసుకుంది. మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి, "చాలా థాంక్సండీ అత్తయ్యా" అంది.

నేను అత్త చేతికేసి చూశాను. అది ఏప్రన్ మీదే ఉంది, కదల్లేదు.

"దానికేముందిలే" అంది.

ఉబాల్దో ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు. అక్కచెల్లెళ్ళ చేతుల్లో ఆ పొట్లాలు చూసినవాడు. పొట్లంకేసి చూశాడు, వాళ్ళమ్మకేసి చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది.

"అమ్మా..."

"ఆఖరి బస్సుకి ఇంకా టైముందిరా. ఇంకో గుక్క కాఫీ తాగి బయల్దేరండి" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. కాఫీ మాత్రం సాసర్లోకి తొణికింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆవిడ గేటుదాకా వెళ్ళి, కొడుకు చొక్కా కాలరు సరిచేసి, నుదుటి మీద సిలువ గీసి పంపింది. మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడింది. చినుకులు మొదలైనా కదల్లేదు. నేను వెళ్ళి శాలువా కప్పాను. ఏడుస్తోందేమోనని మొహంకేసి చూడలేదు. చూసుంటే నేను ఏడ్చేదాన్ని.

లోపలికొచ్చాక కుర్చీలో కూలబడి, మొక్క బోడిగా కనపడుతున్న వైపుకేసి కాసేపు చూసింది.

"కొట్టం మీద దాచినవి పట్రా" అంది.

"ఏవత్తా?"

"అబ్బో, దొంగమొహం! పట్రా."

డబ్బాలు రెండేసి చొప్పున దింపాను. కొసలు నిటారుగా నిలబడ్డాయి. విడి ఆకుల పక్కన వేలి గోరంత మొలకలు. అత్త ఒక్కొక్క డబ్బా కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, ఇనప తీగ తుంచి వాటి మెడలకి కట్టింది. నేనింకా వాటిని ట్రంకుపెట్టెలో ఎలా సర్దాలా అనే ఆలోచిస్తున్నాను.

"స్టూలు తెచ్చుకో. ఆ చివరి దూలానికి మేకులు కొట్టు. అక్కడైతే పొద్దుటెండ పడుతుంది. పాతికేళ్ళు పోతే ఇవీ నేల తాకుతాయి, అప్పుడు తిరగడానికి చోటు లేదని నన్ను తిట్టుకోకు."

అనకూడని ఆ మాట నోటిదాకా వచ్చి నా పెదాలు విడిపించింది.

అత్త కత్తెర నాకేసి గురిపెట్టింది. "ఊఁ! నోరు!"

నేను సుత్తి తీసుకున్నాను. మేకులన్నీ పెదాల మధ్య ఇరికించుకుని స్టూలెక్కాను.